పరచడానికి పేపరు దొరకని పూట

ఇవాళ ఇక్కడ గిరావీన్‌లో మా ఇంట్లో మావాడు నేలమీద పేపరు పరిచి, వేడి పప్పుగిన్నె దించాడు. పేజీ నిండా అమ్మకానికున్న ఇళ్ళ ఫొటోలే, ఒక్క మనిషి మొహం లేదు. కానీ ఆ వేడికి సిరా వాసన గుప్పుమనేసరికి మన నర్సింగ్ రోజులు గుర్తొచ్చాయి.

సునీతా, జ్యోతీ, ట్రైనింగ్‌కని మనల్ని ఈ దేశంలోనే ఎక్కడో ఉత్తరాన ఆ ఎర్రమట్టి ఊరికి పంపారు, గుర్తుందా? వారానికోసారి చిన్న విమానంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేపరొచ్చేది. వానలకి రోడ్డు మునిగి కూరగాయలు రాకపోయినా అది మాత్రం వచ్చేది. చదివేశాక అదే మన డైనింగ్ టేబుల్.

ఓ మధ్యాహ్నం నేను గిన్నె దించబోతుంటే సునీతా, నువ్వు కేకేశావు.

“ఆగవే! అది పక్కింటి డైసీ ఆంటీ మనవడు, ఫుట్‌బాల్ కప్పుతో!”

పేజీ తిప్పాను. మన క్లినిక్ డ్రైవరు, పట్టిన చేపని ఎత్తిపట్టుకుని నవ్వుతున్నాడు.

“ఇంకోటి చూడవే, అన్నం చల్లారిపోతోంది,” అన్నావు జ్యోతీ, నువ్వు.

ఇంకో పేజీలో, మనం కాలికి కట్టుకట్టిన ముసలావిడ పుట్టినరోజు కేకు కోస్తోంది.

ఆ ఊరెళ్ళిన కొత్తలో ఏ పేజీ పడితే ఆ పేజీ పరిచేవాళ్ళం. ఆ పూట మాత్రం ముగ్గురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.