గట్టి బండలో వేపమొక్కలు

ఇది ఒక గుట్టకూ ఒక మనిషికీ నడుమ జరిగిన మహాయుద్ధం. కాదు, అంత లేదు. మా నాయన మొక్కలు పెట్టాడు, అవి చచ్చాయి. నా దగ్గరున్న కథ అంతే.

పటాన్‌చెరు అవతల రాళ్ళ క్వారీలో ఆయనది డ్రిల్లింగ్ పని. రాతికి బెజ్జాలు వేసి మందు కూరి పేల్చేవారు. గుట్ట కాస్తా లారీలెక్కి కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్లు అయ్యాక క్వారీ మూతపడింది. మూసిన చోట చెట్లు పెంచాలని సర్కారు షరతు. అప్పటికే నాయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. బరువు పనులు వద్దని డాక్టరు చెప్పడంతో, యజమాని ఆ మొక్కల పని ఆయనకిచ్చాడు.

"పోయేలోపల గీడ జెర నీడ చూడాలె," అన్నాడు నాయన.

"ముందుగాల మందులు మింగు," అంది అమ్మ.

గుంతలు ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. పగులున్న బండలో మందు కూరితే పేలుడు పగుళ్ళలోంచి పోయి దండగని, వాటిని వదిలేయడం ఆయనకు జీవితమంతా అలవాటు. అందుకే పగుళ్ళు వదిలేసి, గట్టి బండ ఏరి, దారం పట్టి వరుసగా గుంతలు తొలిపించాడు. నన్ను పిలిచి చూపించాడు.

"ఎట్లున్నయిరా?"

"మస్తున్నయి నాయినా. మందు పెట్టుడే తక్వ."

నవ్వితే ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఆయన ముందు జోకులు తగ్గించాలనుకున్నాను. తగ్గించలేదు.

వేపమొక్కలు పెట్టాక వానలు పడ్డాయి. గట్టి బండలో నీళ్ళు ఎటు పోతాయి? నిండినవి నిండినట్టే నిలిచాయి. మొక్కలు పసుపెక్కి కుళ్ళడం మొదలైంది. నాయన పొద్దున్నే చెంబు పట్టుకుపోయి ఒక్కో గుంతా తోడేవాడు. సాయంత్రానికి మళ్ళీ వాన.

"ఇగ ఇడిశిపెట్టు నాయినా. చేపలు పెంచుదాం."

ఈసారి నవ్వలేదు. "పలగ్గొట్టుడే వచ్చెరా నాకు. పెట్టుడు రాలే," అన్నాడు చెంబు వంచుతూ.

ఓ డబ్బా తెచ్చుకుని పక్క గుంత దగ్గర కూర్చున్నాను.

చలికాలంలో ఆయన పోయాడు. అప్పటికి ఒక్క మొక్కా మిగల్లేదు. యజమాని కొత్త మొక్కలు తెప్పించి పని నాకిచ్చాడు. తప్పెక్కడ జరిగిందని నర్సరీ అతన్ని అడిగాను. టీ తాగుతూనే చెప్పేశాడు: రాతినేలలో గుంత తీశాక నిండా నీళ్ళు పోయాలి. మర్నాటికి ఇంకకపోతే అక్కడ మొక్క పెట్టకూడదు, పగులున్న చోటు వెతుక్కోవాలి.