గడ్డి మెషిన్‌కి కట్టిన నిమ్మకాయ

రేపు మా కాలేజీలో ఆటల పోటీలు. ఈ రోజు పొద్దున్నే గ్రౌండులో గడ్డి కోసే మెషిన్, అదే పైన కూర్చుని నడిపేది, మొరాయించింది. నేను ప్లగ్గు మార్చినా స్పార్క్ రాలేదు. వైర్లన్నీ వెతికితే, దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల ఇనుప తీగ కనిపించింది. ఇంజిన్ ఆపే వైరుకి తోలు ఊడిన చోట అది తగులుకుని, రెండో కొస బాడీకి ఆనింది. ఆ వైరు బాడీకి కలిస్తే స్పార్క్ ఆగిపోతుంది, అంటే ఇంజిన్‌ని ఆపుతున్నది దిష్టి తీగే. తీసేయగానే స్టార్టయింది.

సాయంత్రం చూస్తే అదే చోట, అదే తీగ.

"మళ్లీ ఇదేంటి సుబ్బయ్యగారూ?" అని మెషిన్ డ్రైవర్‌ని అడిగాను.

"పూటంతా ఆగిపోయిందంటే ఎంత దిష్టి తగిలిందో చూడండి సార్. అందుకే ఈసారి రెండు కాయలు కట్టా."

విప్పేయడానికి నాకూ మనసొప్పలేదు, రేపు పోటీలు కదా. తీగ తీసి, ఆ కాయల్నే దారంతో కట్టాను. మీరైతే ఏం చేసేవాళ్లు?