రేటియా నివాసి గుడెంచ్ తాత

మా గుడెంచ్ తాత స్విట్జర్లాండ్‌లో పుట్టాడు, అక్కడే ఆవుల్ని మేపాడు, అక్కడే ముసలివాడయ్యాడు. కానీ స్విట్జర్లాండ్‌లో ఉంటున్నానని ఒక్కరోజు కూడా ఒప్పుకోలేదు. మీది ఏ దేశమని ఎవరడిగినా "రేటియా" అనేవాడు. రేటియా అంటే రోమన్ చక్రవర్తుల కాలంలో మా కొండలన్నిటినీ కలిపి చేసిన రాష్ట్రం. ఆ రోమన్లు మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయి పదిహేను వందల ఏళ్లయింది. ఆ కబురు మా సుర్‌పుంట్ ఊరి దాకా వచ్చింది గానీ తాత గడప దాటి లోపలికి రాలేదు.

"అదెప్పుడో పోయింది కదా తాతా" అంటే, కిటికీలోంచి లోయలో పోతున్న ఎర్ర రైలును చూపించేవాడు. దాని పెట్టెల మీద ఆ పేరే ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది.

"పోయినదాని పేరు పెట్టుకుని రైలు నడుస్తుందటే?"

నాలుగో తరగతి పరీక్షలో మన దేశం పేరు రాయమంటే నేను రేటియా అని రాశాను. మాస్టారు సున్నా వేశాడు. తాత ఆ సున్నాను చూసి పొంగిపోయి నాకు వాల్‌నట్ కేకు ముక్క పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి పరీక్షకీ ఆయన్నడిగే రాశాను. నా చదువు ఎందుకు ఆగిందో, నేను కాస్త లావుగా ఎందుకున్నానో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

తపాలా తెచ్చే సెరైనాకి ఆయన పెద్ద గండం. చిరునామాలో రేటియా లేకపోతే ఉత్తరం తీసుకునేవాడు కాదు. ఆ పేరుగల మనిషెవరో తనకు తెలియదన్నట్టు కవరును అటూ ఇటూ తిప్పి, "పాపం, ఎవరిదో ఏమోనమ్మా" అని తిరిగి ఇచ్చేసేవాడు. ఆరు నెలలు ఓర్చుకుని, సెరైనా ఒక పెన్ను కొనుక్కుంది. మా మెట్ల దగ్గర ఆగి కవరు మీద రేటియా అని రాసి, అప్పుడు తలుపు తట్టేది. తాత వేలితో రుద్దితే సిరా అంటుకునేది. "పై ఆఫీసు వాళ్లకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అని తృప్తిగా ఆ వేలును చొక్కాకి తుడుచుకునేవాడు. ఆ చొక్కాలు ఉతికే నానమ్మ మాత్రం తపాలా శాఖను తిట్టుకునేది.

కంటి ఆపరేషన్‌కి జ్యూరిక్ వెళ్లాల్సి వస్తే పాస్‌పోర్ట్ పట్టుకుని, నన్ను తోడు తీసుకుని రైలెక్కాడు. వాలెన్ సరస్సు దాటగానే రేటియా అయిపోయిందట. టికెట్లు చూడటానికి వచ్చినతని చేతిలో పాస్‌పోర్ట్ పెట్టి, మీ దేశంలో మూడు రోజులుంటాను, ముద్ర వేయమన్నాడు. అతను ముందు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఎలా ఉందని అడిగితే, "విదేశీ వైద్యం గురించి ఏదేదో విన్నానండీ. అంత ఘోరంగా ఏం లేదు" అని మెచ్చుకున్నాడు.

చిత్రమేమిటంటే, నిజంగా దేశం దాటేటప్పుడు పాస్‌పోర్ట్ ముట్టుకునేవాడు కాదు. నానమ్మ పుట్టిల్లు కనుమ అవతల, ఇటలీలో ఉన్న మాల్స్. ఆ రోజుల్లో సరిహద్దు దగ్గర ఆపి కాగితాలు అడిగేవాళ్లు. "హాల్లోంచి వంటింట్లోకి వెళ్లడానికి కాగితాలేమిటయ్యా?" అనేవాడు తాత. మాల్స్ కూడా రేటియానే కదా. వాళ్లు ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. రెండు గంటలు రోమన్ చరిత్ర విన్నాక, దయచేసి వెళ్లిపోమనేవాళ్లు. నానమ్మ కొంగు చాటున, అంటే మా ఊరి లెక్కలో ఏప్రాన్ చాటున, ఆయన పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఉండేది. ఆయన చరిత్ర చెబుతుండగా ఆవిడ దాన్ని చూపించేసేది. ఆ సంగతి ఆయనకి చివరి దాకా తెలియదు.

ఇలాంటి మనిషి ఉన్న ఊళ్లో డియోలిండా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది.

డియోలిండా పోర్చుగీసు మనిషి. అప్పటికి పద్దెనిమిదేళ్ల క్రితం మా సత్రంలో దుప్పట్లు ఉతకడానికి వచ్చింది. తర్వాత అక్కడి వంటిల్లంతా ఆవిడదే అయింది. మా బార్లీ సూప్‌ను మాకంటే బాగా కాచేది. ఆ పాపం కొందరు ఆడవాళ్లు ఇంకా క్షమించలేదు. మా దగ్గర పౌరసత్వం ముందు ఊరు ఇవ్వాలి. ఊరంతా కూర్చుని చేతులెత్తాలి. చేతులు చాలకపోతే, ఎన్నేళ్లు ఎన్ని సూప్‌లు కాచినా పరాయి మనిషే.

ఆ ఆదివారం మధ్యాహ్నం బడి హాలు నిండిపోయింది. డియోలిండా చర్చికి వెళ్లే నల్లకోటు వేసుకుని ముందు వరసలో కూర్చుంది. కొండల పేర్లు, పంచాయతీ పద్ధతులు, అడిగినవన్నీ చెప్పింది. నేనైతే సగం చెప్పలేకపోయేదాన్ని. అప్పుడు రంపపు మిల్లు యాచెన్ లేచాడు. ఆవిడ మంచిదే, కాదనడం లేదన్నాడు. కానీ బయటివాళ్లు బయటివాళ్లే, ఈ మాట తనది కాదు, ఊరి పెద్దలది అన్నాడు.

"గుడెంచ్ బాబాయినే అడగండి. జ్యూరిక్ వాళ్లనే మనవాళ్లు కాదంటాడాయన. పోర్చుగల్‌ని ఒప్పుకుంటాడా?"

అందరూ తాత వైపు తిరిగారు. డియోలిండా తిరగలేదు. కోటు గుండీ ఒకటి తెగేలా తిప్పుతోంది. యాచెన్ చెప్పింది నిజమే. ఏళ్ల తరబడి తాత ఆవిడ సూప్ తాగుతూ "విదేశీ వంట" అని మెచ్చుకుంటున్నాడు.

తాత తీరుబడిగా లేచి, జేబులోంచి జున్ను వాసనేసే పాత రోమన్ రాష్ట్రాల పటం తీసి బల్ల మీద పరిచాడు.

"నీ ఊరేదమ్మాయ్?"

"బేజా అండీ."

తాత కళ్లద్దాలు సర్దుకుని వేలు పెట్టి వెతికాడు. ఎంతసేపు వెతికాడంటే, అధ్యక్షుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"లూసిటానియా. రోమ్ వాళ్ల రాష్ట్రమే. వాళ్లూ మనమూ ఒకే ఇంటివాళ్లం, గదులు వేరు." వేలు పటం మీద పైకి జరిగింది. "యాచెన్, మీ ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడురా?"

యాచెన్ గొణిగాడు. వినిపించలేదన్నాడు తాత. వడ్రంగం చేసుకుంటూ సాక్సనీ నుంచి వచ్చాడని యాచెన్ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"సాక్సనీ రోమన్లకి ఎన్నడూ చిక్కలేదు. అది ఇంటి బయట. లెక్కగా చూస్తే ఈ హాల్లో బయటివాడు ఒక్కడేరా అబ్బాయ్." తాత పటం మడత పెట్టాడు. "పర్లేదు, కూర్చో. నాలుగు తరాలుగా ఓర్చుకుంటున్నాం."

హాలు ఒక్కసారి గొల్లుమంది. యాచెన్ భార్య అందరికంటే ముందు నవ్వింది. డియోలిండాని పద్ధతి ప్రకారం వరండాలోకి పంపి, చేతులెత్తమన్నారు. అన్నీ లేచాయి. యాచెన్ చెయ్యి కూడా చెవి గోక్కుంటున్నట్టు సగం దాకా లేచి, భార్య మోచేయి తగిలాక పూర్తిగా లేచింది.

ఇంటికి వచ్చేసరికి నానమ్మ బంగాళాదుంపలు చెక్కుతోంది. తాతకి ఈ పిచ్చి బడిలో పట్టుకుందా అని అడిగాను. ఆవిడ నవ్వింది.

"బడిలో ఆయన నీకంటే ఘనుడేం కాదులే. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు బట్టలుతికే తొట్టి దగ్గర ఆడవాళ్లు నన్ను బయటిది అనేవాళ్లు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆయన పాదిరి గారింటికి పోయి ఆ పటం అడిగి తెచ్చుకుని, తొట్టి దగ్గర నిలబడి, మాల్సూ సుర్‌పుంటూ ఒకే రాష్ట్రం చూసుకోండి అన్నాడు. అంతకు వారం ముందు దాకా ఆ పేరు ఆయనకి తెలియనే తెలియదు."

"అబద్ధం. నాకు చరిత్రంటే ప్రాణం" అన్నాడు తాత వాకిట్లోంచి. చెవులు ఎర్రగా అయ్యాయి.

"ఐదుగురు ఆడవాళ్ల నోరు మూయించడానికి ఒక సామ్రాజ్యాన్నే దింపాడు" అంది నానమ్మ, దుంపను నీళ్లలో వేస్తూ.

రెండు వారాలకి డియోలిండాకి పౌరసత్వం కాగితం వచ్చింది. సెరైనా పరుగున సత్రానికి తీసుకెళ్లింది. డియోలిండా చేతులు తుడుచుకుని, కవరును అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇది నాది కాదమ్మా. రేటియా ఏదీ?"

సెరైనా ఒక నిట్టూర్పు విడిచి పెన్ను తీసింది.