లేని కామెర్లు

మా పిల్లకు కామెర్లని గల్లీ అంతా చాటింది నేనే. తొమ్మిదో తరగతి చదివే పిల్ల బడికి పోకుండా, తినకుండా, గోడవైపు తిరిగి పడుకుంటే జనం అడగరా? డాక్టరమ్మ డిప్రెషన్ అంది, అదీ బాగా ముదిరిందట. ఆ మాట మా జహనుమా గల్లీలో పొద్దున అంటే మధ్యాహ్నానికి పిచ్చి అయిపోతుంది, సాయంత్రానికి దాని పెళ్లెట్లా అన్న చర్చ మొదలవుతుంది. కామెర్లకైతే మర్యాద ఉంది. ఎంతసేపు పడుకున్నా ఎవరూ ఏమీ అనరు.

నాకు అసలే నోరాగదు. కళ్లు పచ్చబడ్డాయని, రక్తపరీక్షలో తేలిందని సొంతంగా కూడా కొంత కలిపాను.

ఇక చూడండి. మేమంతా ఖాలా అని పిలిచే ఎదురింటి పెద్దామె రోజూ చెరుకురసం తెచ్చేది. ఇంట్లో నూనె వాసనే తగలొద్దని మా అత్త ఊరినుంచి ఫోన్‌లో హుకుం జారీ చేసింది. పిల్ల ఎట్లాగూ రెండు ముద్దలే తినేది. పత్యం చేసింది నేనూ, ఆటో నడిపి ఆకలితో వచ్చే మా ఆయనా. చెరుకురసం తాగి తాగి నేను కొంచెం ఒళ్లు కూడా చేశాను.

నవ్వులాటంతా గడప బయటే. లోపల సంగతి వేరు. డాక్టరమ్మ ముందు పిల్ల, "నేను లేకుంటేనే అందరికి మంచిగుంటది" అంది. దాన్ని ఒంటరిగా వదలొద్దు, నమ్మకమైన ఇంకో పెద్దమనిషికి చెప్పి తోడు పెట్టుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మందుబిళ్లలు నేనే దగ్గరుండి మింగించి, మిగతావి బీరువాలో తాళం వేసేదాన్ని. చీరలకు ఫాల్ కుట్టే దుకాణానికి పోవడం మానేశాను. ఇంకో మనిషిని చూసుకుంటానని సేటు బెదిరించాడు. స్నానానికి పోయినా లోపలినుంచి పిలిచి, అది "ఊఁ" అన్నాకే నీళ్లు పోసుకునేదాన్ని. ఇంటినిండా చూడొచ్చే మనుషులే, తోడుకు మాత్రం ఒక్కరు లేరు. కామెర్ల పిల్లకు కాపలా దేనికని అడిగితే ఏం చెప్పను?

ఒకరోజు ఖాలా, మాదన్నపేట నుంచి పసరుమందు ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది. పసరు తాగించనివ్వనని నేను అడ్డం పడ్డాను. సరే అని ఆయన పిల్ల చేతులకు తెల్లగా ఏదో రుద్ది, గిన్నెలో నీళ్లు పోసి కడిగాడు. నీళ్లు పచ్చగా అయ్యాయి. ఖాలా అల్లాను తలుచుకుంది. సగం దిగిందని చెప్పి ఆయన తన ఫీజు తీసుకుని పోయాడు. దేవుడి మీదొట్టు, ఒక్క నిమిషం నేనూ నమ్మాను.

ఖాలా ఆ నీళ్లు పారబోయడానికి బయటికి పోయింది. పిల్ల మంచం మీద లేచి కూర్చుంది.

"లేని రోగం దిగిందట, అమ్మా."

నాకు నవ్వొచ్చింది. అది నవ్వలేదు.

"నాకు నిజంగ కామెర్లు అయినా మంచిగుండు. అందరు వస్తున్నరు. అసలుది చెప్తే వస్తరా?"

చెప్పనా మరి అని అడిగాను. అది, "ఖాలాకు చెప్పు. గల్లీకి కాదు" అని మళ్లీ గోడవైపు తిరిగింది.

గడప దగ్గరే ఖాలాకు అంతా చెప్పేశాను. ఖాలా ఖాళీ గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరి గిన్ని దినాలు నాతోని చెరుకురసం ఎందుకు మోయించినవే?"

తిట్టింది, నేను పడ్డాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, పిల్ల ఏమేమంటోందో అడిగింది. విన్నాక గిన్నె మెట్టు మీద పెట్టింది.

"రేపు నువ్వు దుకాణంకు పో. నేను కూసుంట. నమాజ్ గిట్ల ఈడనే చదువుకుంట."

దానికి నీతులు చెప్పొద్దు, ఇట్లా ఎందుకయిందని అడగొద్దు, ఒక్క నిమిషం కూడా వదలొద్దని పాఠం చెప్పాను. నోరు మూసుకుని ఉండడం నీకు రాదుగానీ నాకొచ్చు అంది.

మర్నాడు దుకాణానికి పోయానే గానీ కుట్టిన ఫాల్ అంతా వంకరే. మధ్యాహ్నం పరుగున ఇంటికొచ్చాను. ఖాలా గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని గురక పెడుతోంది. పిల్ల వేసుకున్న చున్నీ కొసను తన పిడికిట్లో చుట్టుకుని మరీ పడుకుంది. ఆ కొస జారిపోకుండా పిల్ల ఆమె పక్కనే, కింద కూర్చుని ఉంది.

కాపలా పెడితే ఈమె పడుకుందేమిటని నేను మొదలుపెట్టబోయాను.

"మెల్లగ," అంది పిల్ల. "ఇప్పుడే పండుకున్నది. పొద్దటి సంది నన్నే చూసింది, రెప్ప కొట్టకుండ. పరేషానై నేనే పండుకొమ్మన్న."

అన్నం తిన్నావా అని గుసగుసగా అడిగాను. ఖాలా లేచినంక తింటనంది.