షేడు మేస్త్రి కుడి కన్ను

కార్లకు రంగు వేసేవాణ్ణి కళాకారుడు అనేది కారు లేనివాళ్ళు. కారున్నవాళ్ళకు కావలసింది కళ కాదు, గుద్దిన చోటు గుద్దనట్టు కనిపించడం. షేడు మేస్త్రికి ఈ సంగతి బాగా తెలుసు. ఎవరైనా "అబ్బ, ఎంత బాగా వేశారండీ!" అంటే ఆయన మొహం మాడిపోయేది. బాగా వేసినట్టు తెలిసిందంటే అసలు వేసినట్టే తెలిసిపోయిందన్నమాట. అంతకన్నా అవమానం ఏముంది?

టైర్ల కొట్టుకీ అద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు ఆయనది. ముందు భాగంలో బావమరిది సుత్తి పట్టి సొట్టలు తీస్తాడు. అతన్ని అందరూ టింకర్ అనే పిలుస్తారు. పక్క గదిలో మేస్త్రి భార్య మిషన్ మీద సీటు కవర్లు కుడుతుంది. వెనక, ప్లాస్టిక్ పరదాలు దించిన గదిలో రంగు. ఆ గదిలోకి దుమ్మూ టింకరూ రాకూడదని నియమం. రెండింట్లో దుమ్మే కాస్త మాట వినేది.

మేస్త్రి దృష్టిలో కారంటే ఒక్క వస్తువు కాదు. ఒకరంటే ఒకరికి గిట్టని ముగ్గురు తోడికోడళ్ళ ఉమ్మడి కాపురం. ఉక్కు రేకు పెద్దకోడలు. ఎంత కొట్టినా ఎంత రుద్దినా ఓర్చుకుంటుంది, కానీ ఎక్కడో గోరంత చోట తడి తగలనిచ్చామా, తుప్పు పట్టి జన్మంతా సాధిస్తుంది. అల్యూమినియం బానెట్ రెండో కోడలు. ఉక్కును రుద్దిన గరుకు కాగితం తన ఒంటి మీద పెడితే సహించదు. ఆ కాగితంలోని ఇనప నలుసు దాంట్లో దిగబడిందంటే, కొన్నాళ్ళకు రంగు కింద పొక్కులు లేస్తాయి. అందుకని దానికి వేరే కాగితాలు, వేరే గుడ్డలు, వాటిని దాచడానికి వేరే డబ్బా. ప్లాస్టిక్ బంపర్ చిన్నకోడలు. పైకి నున్నగా నవ్వుతూనే ఉంటుంది, దేన్నీ దగ్గరికి రానివ్వదు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, జిడ్డు తీసే మందుతో తుడిచి, మెత్తటి పీచుతో మెరుపు చచ్చేదాకా రుద్ది, ఆ పైన ప్లాస్టిక్ కోసమే ఉన్న నీళ్ళలాంటి ప్రైమర్ కొట్టాలి. అది మరిచిపోతే రంగు అరటి తొక్కలా ఊడి చేతికొస్తుంది.

ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి, ఒక్క తల్లి కడుపున పుట్టారని చూసేవాళ్ళని నమ్మించడమే మేస్త్రి ఉద్యోగం. నమ్మించేది కన్ను. డబ్బా మీద అంకె చూసి కలిపే రంగు కొత్త కారుకు సరిపోతుంది. ఎండలో నానా చాకిరీ చేసిన కారు రంగు ఏ డబ్బా మీదా రాసి ఉండదు. చుక్క నలుపు, చుక్క నీలం వేసి దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టుకోవడం వల్లనే ఆయనకు షేడు అనే పేరు వచ్చింది.

అలాంటి మనిషి కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి.

కుడి కంటికి ఆపరేషన్ చేశారు. చాలా బాగా జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. అసలు తంటా అక్కడే మొదలైంది. కట్టు విప్పాక కుడి కంటికి గోడ తెల్లగా, కాస్త నీలం కలిపినంత తెల్లగా కనిపించింది. అది మూసి ఎడమ కన్ను తెరిస్తే అదే గోడ పాత పుస్తకంలో కాగితంలా పచ్చబారి ఉంది. ఒకటి తెరిచి ఒకటి మూసి, ఒకటి మూసి ఒకటి తెరిచి, ఆస్పత్రి వరండాలో ఆయన కొట్టిన కన్నుకు ఎదురు బల్ల మీది ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

"అది మామూలేనండీ. రెండో కంటికి కూడా చేస్తే రెండూ ఒకటైపోతాయి" అంది డాక్టరమ్మ. "అప్పటిదాకా బరువులు ఎత్తకండి, తల కిందికి వంచకండి."

ఇంటికొచ్చి పలకరించినవాళ్ళు ఇంకో రకం. "కన్నుదేముందండీ, మీ చేతికే అంతా తెలుసు!" చేతికి కళ్ళుండవని వాళ్ళకు చెప్పే ఓపిక ఆయనకు లేక కాఫీ ఇచ్చి పంపించేశాడు. ఓదార్చేవాళ్ళు ఎప్పుడూ ఇంతే. మనకున్న ఒక్క భయాన్ని వదిలేసి, మిగతా అన్నిటికీ ధైర్యం చెబుతారు. ఆయన భయం కన్ను పోతుందని కాదు. రెండు కళ్ళు రెండు రంగులు చెబుతుంటే, వాటిలో ఏది నిజమని. ఇన్నేళ్ళూ తను కలిపిన రంగులన్నీ ఆ పచ్చ కంటితోనే కలిపాడేమోనని.

ఎవరితోనూ అనకుండా మనసులో ఒకటి నిశ్చయించుకున్నాడు. ఆపరేషన్ తరవాత వచ్చే మొదటి బండికి రంగు కలిసిందా, సరే. కలవకపోతే రంగు కొట్టే గన్ను బావమరిది చేతిలో పెట్టేసి, సొట్టల మీద లప్పం రుద్దుకుంటూ బతకాలి. ఎడమ కంటి జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వకూడదు.

ఆ మొదటి బండి డ్రైవింగ్ నేర్పే టీచరమ్మది. శిష్యుడొకడు బ్రేకు అనుకుని పక్కది తొక్కాడు. గేటు స్తంభం ఎక్కడిదక్కడే ఉంది, కారు ముందుభాగం వెనక్కి వచ్చింది. ఉక్కు మడ్‌గార్డు నలిగింది, అల్యూమినియం బానెట్ అంచు లేచింది, ప్లాస్టిక్ బంపర్ చీలింది. ముగ్గురు కోడళ్ళూ ఒకేసారి! పైగా రంగు, వెండి నలుసులు కలిసిన బూడిద. రంగుల్లో అంతకన్నా పొగరుబోతు ఇంకోటి లేదు.

"మేస్త్రీ, ఎలా ఉండాలంటే" అంది టీచరమ్మ, "నేను గుద్దానని నాకే గుర్తు రాకూడదు."

"గుద్దింది మీ శిష్యుడు కదమ్మా?"

"పక్క సీట్లో ఉన్నది నేనే కదా! సగం పాపం నాదే."

టింకర్ మడ్‌గార్డునీ బానెట్‌నీ బండి మీదే ఉంచి సొట్టలు తీశాడు. బంపర్‌ని ఊడదీసి, చీలిక కలిపి, స్టాండు మీద పెట్టాడు. మేస్త్రి దేని కాగితంతో దాన్ని రుద్దుకున్నాడు, దేని ప్రైమర్ దానికి కొట్టుకున్నాడు. ఆ తరవాత రంగు కలపడం. చుక్క వేశాడు, తిప్పాడు, రేకు ముక్క మీద కొట్టి ఎండలో కారు పక్కన పెట్టి చూశాడు. కుడి కన్ను కలిసిందంది. ఎడమ కన్నూ కలిసిందంది. రెండూ ఒకే మాట మీదున్నాయి కదా అని ధైర్యం చేశాడు.

మడ్‌గార్డూ బానెట్టూ కొట్టాక బంపర్ దగ్గరికి వచ్చేసరికి, టింకర్ పరదా సందులోంచి తల పెట్టాడు.

"బావా, ఆగాగు! దాని కింది అంచు కొట్టాలంటే నువ్వు వంగాలి. అక్క నన్ను చంపేస్తుంది. నేనొక ఉపాయం చేశా, చూడు."

ఉపాయం ఏమిటంటే, బంపర్‌ని తలకిందులుగా బిగించడం. కింది అంచు ఛాతీ ఎత్తుకు వచ్చింది. వంగే పని లేదు. మేస్త్రి మనసంతా కంటి మీదే ఉంది. "సరే, బయటికి నడు, దుమ్ము" అని మాత్రం అని, నిటారుగా నిలబడి కొట్టేశాడు. చాలా హాయిగా ఉందనిపించింది కూడా.

రంగు ఆరింది, పైన మెరుపు పూత కూడా ఆరింది. మర్నాడు బంపర్‌ని బండికి బిగించి, బండిని వాకిట్లోకి తోశారు. మేస్త్రి దూరంగా వెళ్ళి నిలబడి చూశాడు.

బానెట్ సరిగ్గా ఉంది. మడ్‌గార్డు సరిగ్గా ఉంది. బంపర్ మాత్రం వాటి పక్కన మసిబారి, పక్కింటి కారు నుంచి అడిగి తెచ్చినట్టుంది.

ఆయన కుడి కన్ను మూశాడు. మసి. ఎడమ కన్ను మూశాడు. మసి. రెండూ మూశాడు. అప్పుడు కాస్త నయంగా ఉంది.

"ఎలా ఉందిరా?" అన్నాడు.

"సూపర్ బావా!" అన్నాడు టింకర్. అతను ఆపరేషన్ బిల్లు చూసి కూడా అదే మాటన్నాడు.

కుట్టు గదిలోంచి భార్య వచ్చింది. ఆవిడ కారును ఒక్కసారి చూసి, మొగుణ్ణి చాలాసేపు చూసింది. "బంపర్ నల్లగా ఉంది కదూ?" అంది మెల్లిగా.

"నీకూ కనిపిస్తోందా?"

"ఎందుకు కనిపించదండీ? టీచరమ్మకు కూడా కనిపిస్తుంది."

ఆయన సీటు స్పాంజి ముక్క మీద చతికిలబడ్డాడు. "అయిపోయిందే" అన్నాడు. "నిన్న కలిసిందన్నాయి రెండు కళ్ళూ. ఇవాళ కలవలేదంటున్నాయి. రోజుకో మాట మార్చే కళ్ళతో నేనేం రంగు కలపను? గన్ను వీడికిచ్చేస్తా. ఇంకో కన్ను కోయించుకునేదీ లేదు."

"నాకెందుకు బావా గన్ను? నాకు ఎరుపూ గులాబీ రెండూ ఒకటే!" టింకర్ గొంతులో నిజమైన భయం వినిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కాసేపు నోరు మూసుకో. ముందు ఆ బంపర్ ఊడదియ్యి. అది కళ్ళ ముందుంటే ఈయన అన్నం కూడా తినడు."

టింకర్ గొణుక్కుంటూ మరలు విప్పాడు. బంపర్‌ని ఎత్తి కింద పెట్టబోతే, కింది అంచు నేలకు గీసుకుంటుందని భయం వేసింది. బావ ఇప్పుడున్న స్థితిలో గీత కూడా పడితే తన బతుకు బస్టాండే. అందుకని దాన్ని తిరగేసి, కింది అంచు పైకి వచ్చేలా కారుకే ఆనించాడు.

భార్య లోపలికి వెళ్ళబోతూ ఆగిపోయింది.

"ఏవండీ, ఒకసారి ఇటు చూడండి."

"చూసింది చాలదా?"

"చూడమంటే చూడండి!"

మేస్త్రి తలెత్తాడు. మసి లేదు. బంపరూ మడ్‌గార్డూ ఒక్క డబ్బాలోంచి, ఒక్క పూటలో, ఒక్క చేత్తో పుట్టినట్టు పక్కపక్కన మెరుస్తున్నాయి. ఆయన లేచి వచ్చి, కుడి కన్నూ ఎడమ కన్నూ మార్చి మార్చి చూశాడు.

"తిప్పరా" అన్నాడు.

టింకర్ తిప్పాడు. మసి.

"మళ్ళీ తిప్పు."

మెరుపు.

"మళ్ళీ!"

"బావా, ఇది బంపర్. రంగులరాట్నం కాదు!"

కానీ మేస్త్రి నవ్వుతున్నాడు. ఆ నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చి, గోడకు చెయ్యి ఆనించేదాకా ఆగలేదు. కన్నుదేం తప్పు లేదు, కలపడమూ తప్పు లేదు. తడి రంగులో వెండి నలుసులు ఎటు వాలి ఆరితే వెలుగును అటే విసురుతాయి. ఏ భాగమైనా బండి మీద ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టి కొట్టాలి. ఇది వృత్తిలో అ ఆ ల పాఠం. పాతికమందికి ఆయనే నేర్పాడు, వినని వాళ్ళ నెత్తిన మొట్టాడు. అదే పాఠం సొంత కంటి మీద బెంగలో పడి, కళ్ళెదుట తలకిందులుగా ఉన్న బంపర్‌లో ఆయనకు కనిపించలేదు. భయం మనిషికి కొత్త తెలివి ఇస్తుందని ఉపన్యాసాల్లో చెబుతారు. ఉన్న తెలివి కూడా లాక్కుపోతుందని వాళ్ళకు తెలియదు, వాళ్ళు ఏ బంపరూ కొట్టి చూడలేదు.

"నన్ను వంగనివ్వకుండా బంపర్‌ని శీర్షాసనం వేయించావు కదరా!"

"నిన్ను ఆపమంది అక్కే!"

"నేను ఆయన్ని వంగొద్దన్నాను. సామాన్ని తిరగెయ్యమనలేదు" అంది భార్య. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ బంపర్‌ని మళ్ళీ రుద్ది, ఈసారి సరిగ్గా నిలబెట్టి కొట్టారు. వంగకుండా మేస్త్రి పీట మీద కూర్చున్నాడు. పీటకు చక్రాలు లేవు కాబట్టి టింకరే చక్రాలయ్యాడు. బావను పీటతో సహా ఇటు నుంచి అటు జరుపుతూ, నోరెత్తకుండా, ఊపిరి కూడా పరదా వైపు తిప్పి వదిలాడు. రంగుగదిలో అతనికి అనుమతి దొరికింది ఆ ఒక్కసారే.

టీచరమ్మ వచ్చి కారు చుట్టూ తిరిగింది. బంపర్ దగ్గర ఆగలేదు, మడ్‌గార్డు దగ్గర ఆగలేదు. తలుపు తీసి, "ఏంటి మేస్త్రీ, సీటు మీద ఇంత దుమ్ము! కాస్త తుడవకూడదూ?" అని కసిరింది. మేస్త్రి జీవితంలో అంత తియ్యటి తిట్టు తిని ఉండడు. గుడ్డ తెచ్చి సీటంతా ఆయనే తుడిచాడు.

ఆ సాయంత్రం షెడ్డు తలుపు దించుతుంటే భార్య అడిగింది. "మరి ఎడమ కన్ను?"

"డాక్టరమ్మకు ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటుందో అడుగు. వెంటనే అంటే ఇంకా మంచిది."

ఆవిడ ఫోన్ తీసింది. నంబరు నొక్కబోయి ఆగింది. "రెండు కళ్ళూ బాగైపోతే నా మొహం మీద మచ్చలన్నీ కనిపిస్తాయేమో."

"కుడి కంటికి అప్పుడే కనిపించాయి."

"మరి ఒక్క మాటైనా అనలేదే?"

"బరువులు ఎత్తొద్దంది, వంగొద్దంది" అన్నాడు మేస్త్రి తాళం వేస్తూ. "నీతో గొడవ పెట్టుకోమని మాత్రం చెప్పలేదుగా."

ఆవిడ ఒక చేత్తో ఆయన వీపు మీద చరిచి, రెండో చేత్తో నంబరు నొక్కింది.