ఎండలేని రోజు గోడ మీద సెల్లులు

నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పోయిన వస్తువులను అప్పుడప్పుడు మనసులోనే కూడుకుంటాను. రెండు రేడియోలు, ఒక టేపురికార్డరు, పెట్టెలాంటి పాత టీవీ, మా అబ్బాయి మోజు తీరగానే మార్చిన నాలుగు ఫోన్లు. నా చదువు మూడో తరగతితోనే ఆగింది. ఈ కూడికలన్నీ వేళ్ల మీద నాకు నేను నేర్చుకున్నవే. అయితే పోయినవాటిని లెక్కపెట్టిన ప్రతిసారీ అసలు మాది కాని ఒక రేడియో కూడా వచ్చి ఆ వరుసలో కూర్చుంటుంది. అది పక్కింటి ఖాలమ్మది.

అప్పటికి శంషాబాద్‌లో విమానాలు లేవు. మా గల్లీ చివర బెంగుళూరు రోడ్డు, దాని మీద లారీల చప్పుడు, అంతే. గల్లీ మొత్తానికి రేడియో ఒక్కటే. సాయంత్రం ఆడవాళ్లంతా ఖాలమ్మ అరుగు మీద చేరేవారు. సెల్లులు ఎక్కువ రోజులు రావాలని ఆమె రేడియో గొంతు బాగా తగ్గించి, చెవికి ఆనించుకుని వినేది. విన్న మాటను తన ఉర్దూ కలిసిన తెలుగులో అందరికీ పైకి చెప్పేది. ఎక్కడో మంత్రి మారినా ఆమే మార్చినట్టు ఉండేది మాకు. నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చునేదాన్ని. అందుకే ఆమె చెప్పకముందే సగం వార్తలు నా చెవినా పడేవి. సెల్లుల్లో బలం తగ్గితే పిట్టగోడ మీద ఎండబెట్టి, ఇంకో రెండు రోజులు లాగేది.

ఆ ఏడు వానలు ఎక్కువ. లారీ తోలుకుని కర్నూలు వైపు వెళ్లిన మా బాపు, రావలసిన రోజుకు రాలేదు. అమ్మకు నెలలు నిండాయి. దారి చూడటం తప్ప ఆమెకు వేరే పని లేదు.

ఆ సాయంత్రం వార్తలు మొదలయ్యాయి. కర్నూలు దారిలో వాగు పొంగి ఒక లారీ కొట్టుకుపోయిందని, అందులోవాళ్ల జాడ తెలియలేదని రేడియో సన్నగా చెప్పింది. ఖాలమ్మకు, నాకు తప్ప ఇంకెవరికీ వినిపించలేదు. అప్పుడే అమ్మ నడుము పట్టుకుని అరుగు ఎక్కుతోంది. ఖాలమ్మ రేడియో ఆపేసింది.

“సెల్లులు ఐపోయినయ్. ఇగ రేపే వార్తలు.”

ఖాలమ్మ పిసినారితనం చూసి సెల్లులు కూడా ప్రాణాలు విడిచాయని ఎవరో వేళాకోళం చేశారు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను నోరు తెరవబోయాను. ఆ సెల్లులు మొన్ననే కొన్నవి. దుకాణం నుంచి గౌను జేబులో మోసుకొచ్చింది నేనే. తక్కువలో తక్కువ ఇంకో ఇరవై రోజులు రావాలి. అంతలో ఖాలమ్మ నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నా లెక్క నోట్లోనే ఉండిపోయింది. ఆ రాత్రి అమ్మ నాలుగు ముద్దలు తిని, వాన చప్పుడు వింటూ నిద్రపోయింది.

తెల్లారి చూస్తే ఖాలమ్మ తన గుమ్మంలో రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆకాశం నిండా మబ్బు. అయినా కొత్త సెల్లులు గోడ మీద వరుసగా పెట్టి ఉన్నాయి. అమ్మకు నవ్వొచ్చింది.

“ఎండే లేదు, ఏం ఎండబెడ్తున్నవ్ ఖాలమ్మా?”

“వస్తది. జర ఆగు.”

మధ్యాహ్నానికి బాపు వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో. వాగుకు ఇవతలే లారీ ఆపుకుని, నీళ్లు తగ్గేదాకా ఒక చాయ్ హోటల్లో పడుకున్నాడట. నేను గంతులేసుకుంటూ ఖాలమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె గోడ మీది సెల్లులు తీసి, దుపట్టాతో తుడిచి, ఒక్కొక్కటే రేడియోలో వేస్తోంది.

“మనోడు వచ్చిండు, మంచిగైంది బేటీ. కొట్టుకపోయిన లారీ ఎవలదో. వాళ్ల పక్కింట్ల రేడియో బందు చేసేటోళ్లు ఉన్నరో, లేరో.”

నా గంతులు ఆగిపోయాయి. ఆ పక్కిల్లు ఎక్కడుందో నాకు తెలియదు గానీ, ఈనాటికీ అప్పుడప్పుడు నా కలలోకి వస్తుంది. వానలో ఒక అరుగు, దాని మీద మోగుతూనే ఉన్న ఒక రేడియో.

ఇక్కడికి విమానాలు వచ్చి ఐదారేళ్లయింది. మా అబ్బాయి ఎయిర్‌పోర్టుకు కారు నడుపుతాడు. గోడకు పటంలా తగిలించే పెద్ద టీవీ కొన్నాడు. మొన్న సాయంత్రం, వాడు రోజూ తిరిగే దారిలోనే, గగన్‌పహాడ్ దగ్గర కారు బోల్తా అని అందులో ఎర్రటి అక్షరాలు పరుగెత్తాయి. చూపిందే చూపిస్తున్నారు, కారు ఎవరిదో మాత్రం చెప్పరు. కోడలు చంటిదానికి పాలు పట్టి ఇవతలికి వస్తోంది. టీవీ కట్టేశాను. రిమోట్‌లోని రెండు సెల్లులు గుప్పిట్లోకి తీసుకున్నాను.

“సెల్లులు ఐపోయినయ్ బిడ్డా.”

“మొన్ననే ఏసినం గద అత్తమ్మా?”

“జర ఆగు,” అని ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అబ్బాయి ఎత్తడం లేదు. తలపైన ఒక విమానం దీపాలు ఆర్పి వెలిగిస్తూ, ఏ తొందరా లేనట్టు దిగుతోంది. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. చివరికి ఎత్తి, ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని విసుక్కున్నాడు. ఆ విసుగు చెవికి ఎంత హాయిగా ఉందో. గుప్పిట తెరిచి చూస్తే సెల్లులు వెచ్చగా ఉన్నాయి.

మొత్తం పది నిమిషాలు. ఖాలమ్మ ఇదే బరువును ఒక రాత్రంతా ఒంటరిగా మోసింది. ఆమె పోయి చాలా కాలమైంది. అమ్మ నిద్రపోయిన ఆ రాత్రి నేను తీర్చవలసిన బాకీ. మొన్నటితో కొంచెం తీరింది. ఇంకా ఉన్నది, ఒక రాత్రికి పది నిమిషాలు తక్కువ.