సెన్నైట్ సెలవు

ఒక్క ఇంగ్లిష్ మాట వల్ల మా అమ్మ కంటి ఆపరేషన్ రెండు నెలలు వెనక్కి పోయింది. ఆ మాట రాసింది నేనే. తప్పంతా నాదే అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అప్పుడు నేను హనుమకొండ సుబేదారిలో ఒక సర్కారు ఆఫీసులో క్లర్కును. మా సూపరింటెండెంట్ రామ్మోహన్ సార్‌కు చేతిలో ఎర్ర పెన్సిల్ లేనిదే తోచదు. ఒకరోజు నా లెటర్ మీద గీతలు గీసి, అందరూ వింటుండగా, బీఏ చదివిన మనిషి ఇంగ్లిష్ ఇంత చప్పగా ఉంటుందా అన్నాడు. ఒళ్లు మండింది.

ఆ వారమే దవాఖానలో అమ్మకు తారీఖు ఇచ్చారు. ఆ రోజుల్లో కంటి పొర తీస్తే వారం పాటు తల కదపకుండా పడుకోవాలి. నేను పక్కన లేకపోతే కన్ను కోయించుకోనని అమ్మ ముందే చెప్పింది. సెలవు కావాలి. కాలేజీలో మా లెక్చరర్ చెప్పిన ఒక పాత మాట గుర్తొచ్చింది. సెన్నైట్. ఏడు రాత్రులు, అంటే వారం. ఫోర్ట్‌నైట్‌కు చెల్లెలన్నమాట. అక్క ఇంకా వాడుకలో ఉంది, చెల్లెలు ఇంగ్లండులోనే ఎప్పుడో పోయింది. నేను దాన్ని హనుమకొండలో లేపి కూర్చోబెట్టాను. సోమవారం నుంచి ఒక సెన్నైట్ లీవ్ ఇప్పించమని ఇంగ్లిష్‌లో టైపు కొట్టి ఇచ్చాను.

సార్ రెండుసార్లు చదివాడు. ఎర్ర పెన్సిల్ లేవలేదు. "గుడ్" అన్నాడు. నేను మహారాణిలా నా సీటుకు వచ్చాను.

శుక్రవారం దాకా సెలవు జాడ లేదు. సెలవుల ఫైళ్లు చూసే యాదగిరిని అడిగితే, నా కేసు హైదరాబాద్ పోయిందన్నాడు. క్యాజువల్ లీవ్, ఎర్న్‌డ్ లీవ్, మెటర్నిటీ లీవ్, అన్నీ రూల్స్ పుస్తకంలో ఉన్నాయట. సెన్నైట్ లీవ్ లేదట. అందుకని, అటువంటి సెలవు ఇవ్వవచ్చునా అని నోట్ రాసి, సార్ సంతకంతో పంపించేశారు. యాదగిరికి, నాకు మధ్య నాలుగు టేబుళ్లు. అయినా మా ఆఫీసులో ఇంగ్లిష్ మాట అర్థం కాకపోతే రాసిన మనిషిని అడగరు, పై ఆఫీసును అడుగుతారు.

సార్ దగ్గరికి పరుగెత్తాను. అది వారమే సార్, ఇంకో దరఖాస్తు ఇస్తానన్నాను.

"ఒకటి పైన పెండింగ్‌ల ఉండంగ ఇంకోటి ఎట్ల తీసుకుంటనమ్మా? సెన్నైట్ అంటే నాకు తెల్వదనుకున్నవా? రూల్ కోసం పంపిన."

చెప్పకుండా మానేస్తే మెమో ఇస్తానన్నాడు. ఇచ్చేవాడే. సోమవారం అమ్మ దవాఖానకు పోలేదు. ఆ మంచం ఇంకెవరికో పోయింది.

నెల తర్వాత హైదరాబాద్ నుంచి జవాబొచ్చింది. సదరు సెన్నైట్ లీవ్ పూర్తి జీతంతోనా, సగం జీతంతోనా, దరఖాస్తుదారు తెలపాలట.

ఆ కాగితం సంగతి అమ్మకు చెప్పాను. సార్‌ను నాలుగు తిడుతుందని ఎదురు చూశాను. అమ్మ మసక కళ్లతో నా వైపు తిరిగింది.

"గంత సదువు సదివినవు. ఏడు దినాలని రాస్తే ఏం పోతుండె బిడ్డా?"

ఫైలు మా ఆఫీసుకు తిరిగొచ్చింది కాబట్టి మర్నాడే పాత దరఖాస్తు వాపసు తీసుకుని, దవాఖానలో ఇంకో నెలకు దొరికిన తారీఖుకు తెలుగులో కొత్తది రాసిచ్చాను. అరగంటలో మంజూరైంది. ఇన్నేళ్లలో మళ్లీ ఒక్క సెలవు చీటీ కూడా ఇంగ్లిష్‌లో రాయలేదు. జ్వరమైనా, పెళ్లయినా తెలుగులోనే. ఎన్ని రోజులో అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.